పాత రాకెట్ హుండీకి కొత్త రంగు వేయించొచ్చా?

గూడూరు కుర్రాడు:
మా పెదనాన్న అమెరికా నుంచి తెచ్చిన రాకెట్ హుండీ ఒకటి ఇంట్లో ఉంది. 1950లలో అక్కడి బ్యాంకులు పిల్లలకు పొదుపు అలవాటు చేయడానికి ఇలాంటివి ఇచ్చేవట. రాకెట్ మీద బిళ్ళ పెట్టి మీట నొక్కితే అది ఎగిరి చందమామలో పడాలి. ఇప్పుడు స్ప్రింగు పట్టేసింది, రంగు పెచ్చులు లేచింది. నెల్లూరులో ఒక పెయింటరు కొత్తదానిలా చేసిస్తానంటున్నాడు. చేయించనా?

కావలి అన్న:
చేయించు తమ్ముడూ. పిల్లలు ఆడుకోవడానికి తయారుచేసింది గదా, అద్దాల బీరువాలో పెట్టి ఏం లాభం? రంగు వెలిసిందని ఇంటికి సున్నం కొట్టమా?

మూలాపేట:
కావలి అన్నా, పిల్లలు ఆడాలన్న మాట నాకూ ఇష్టమే. అందుకే స్ప్రింగు బాగుచేయించమంటాను. రంగు జోలికి మాత్రం వెళ్ళొద్దు. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టింది 1969లో. మన శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ ఎగిరింది 1971లో. ఈ హుండీ వాటికంటే ముందుది. రాకెట్ ఎలా ఉంటుందని అప్పటివాళ్ళు ఊహించారో ఆ రెక్కల్లో, ఆ రంగులో ఉంది. చాలా హుండీల మీద ఇచ్చిన బ్యాంకు పేరు కూడా ఉండేది. ఎమరీ పేపర్ పెట్టి రుద్దితే ముందు పోయేది ఆ పేరే.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో బొమ్మల రంగుల్లో సీసం కలిపేవారు. అమెరికాలో దాన్ని నిషేధించింది 1978లో. గీకితే ఆ దుమ్ము పీల్చేది పెయింటరూ, మీ ఇంట్లో పిల్లలూ.

కావలి అన్న:
మరి మన సముద్రపు గాలికి తుప్పు పట్టిపోదా?

మూలాపేట:
రేకుబొమ్మ అయితే పడుతుంది. జపాన్ రేకు రాకెట్లు అలాంటివే. చదును రేకు మీద బొమ్మ అచ్చువేసి, తర్వాత కత్తిరించి వంచుతారు కాబట్టి ఆ అచ్చు పోతే బ్రష్షుతో మళ్ళీ రాదు. ఈ హుండీలు ఎక్కువగా జింకు మిశ్రమంతో పోతపోసినవి, ఎర్రతుప్పు పట్టవు. తేమకు తెల్లటి పొడి లేస్తుంది, అంతే. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెడితే చాలు. స్ప్రింగు ఉక్కుది, దానికి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వెయ్యాలి. చిన్నపిల్లల చేతికి ఇవ్వకుండా, మీరు బిళ్ళ పెట్టి మీట నొక్కి చూపించండి.

తమ్ముడూ, మీది రేకుదో జింకుదో తెలియాలంటే ఒంటికి అయస్కాంతం అంటుకుంటుందేమో చూసి చెప్పు; అంటుకుంటే రేకు, లేకపోతే జింకు. అడుగుభాగం ఫోటో కూడా పెట్టు. అప్పటిదాకా పెయింటరుకు అడ్వాన్స్ ఇవ్వకు.