సమస్యాపూరణం: పరుఁడు గెలిచిన మనుజుండు పరవశించె

ఈ వారం సమస్య తేటగీతి పాదం:

పరుఁడు గెలిచిన మనుజుండు పరవశించె

నేపథ్యం కూడా నేనే ఇస్తున్నాను. పోయినసారి ఏమీ చెప్పకపోతే అందరూ కట్టగట్టుకుని కురుక్షేత్రానికి వెళ్లిపోయారు. ప్రాక్సిమా సెంటారీ నక్షత్రం చుట్టూ ఒక గ్రహం తిరుగుతోందని 2016లో ప్రకటించారు. మనకి 4.24 కాంతి సంవత్సరాల దూరం. మనుషులు అక్కడికి వలస వెళ్లి ఊరు కట్టుకున్నారు, అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్లతో యుద్ధం వచ్చింది అనుకోండి. ఆ ఊరి పేరు కొత్తవలస. మన రెండు జిల్లాల్లో ఎటు చూసినా వలసలే, ఆకాశంలో ఒకటుంటే తప్పేమిటి? (కిరండూల్ రైలు చీలే కొత్తవలస వాళ్లు కోప్పడకండి.)

శత్రువు గెలిస్తే మనిషి పరవశించడమేమిటి? చిక్కు అదే. మిగతా మూడు పాదాలు మీవి. యతి అక్షరం బదులు దాని పక్కనున్న రెండో అక్షరం కలిపే ప్రాసయతి కూడా చెల్లుతుంది.
పృచ్ఛకుడు, విజయనగరం

పలాస (ఇంటర్ రెండో ఏడు):
మొదటిసారి రాస్తన్నాను. తిట్టకండి.

గ్రహము దిగినట్టి మనుషుల గన్ను లెల్ల
పేలలేదయ్య చూడంగ తేలిపోయె
వాడి తోకను చూసి నవ్వాపుకోక
పరుడు గెలిచిన మనుజుండు పరవశించె

టెక్కలి మాస్టారు:
రెండో పాదంలో యతి తప్పింది బాబూ. "పే"కీ "తే"కీ మైత్రి లేదు. "చూడంగన్" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట, కాబట్టి తర్వాతి తకారం దకారమై "దేలిపోయె" అనాలి. "గన్ను" ఏ నిఘంటువులో ఉంది? "వాడి", "చూసి" పద్యానికి తగవు. సమస్యలో ఇచ్చిన అరసున్న కూడా నీ చేతిలో ఎగిరిపోయింది.

రాజాం:
మాస్టారూ, పేల, తేలి. రెండో అక్షరం రెండు చోట్లా లకారం, ముందు రెండు చోట్లా గురువు. ప్రాసయతి కదండీ. పైన చెల్లుతుందన్నారు కూడా.

టెక్కలి మాస్టారు:
అవునమ్మా, తొందరపడ్డాను. యతి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ద్రుతం మాట తీసుకోను.

పృచ్ఛకుడు:
"మనుషుల గన్నులు" అనగానే నాకు మొదట కళ్లే అనిపించాయి. కానీ గసడదవాదేశం (క చ ట త ప లు గ స డ ద వ లు కావడం) ప్రథమ మీదే కదా, ఇక్కడున్నది షష్ఠి. కాబట్టి తుపాకులే. ఇక "చూసి" సంగతి. గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా నుంచి వచ్చిన పద్యంలో "చూసి" తప్పని అనడానికి నాకు నోరు రావడం లేదు. అసలు కొత్తవలసలో అలాంటి మనిషి ఒక్కడున్నా ఈ సమస్యే ఉండేది కాదు. సవరల మాట నేర్చుకుని, వాళ్ల భాషలోనే వాళ్లకి వాచకాలు రాసినవాడాయన. మన ఓడలో తుపాకులు దిగాయి గానీ పలక దిగినట్టు ఎవరూ రాయలేదు.

తోక చూసి నవ్వాపుకోలేక ఓటమినే మరిచిపోయాడన్న ఊహ బాగుంది తమ్ముడూ. "నవ్వాపుకోక" మూడో గణాన్నీ నాలుగో గణాన్నీ కలిపి నడిచింది, అది నువ్వు తెలిసి చేసినా తెలియక చేసినా.

చీపురుపల్లి:
నేను విరుపు కోసం చూశాను. మూడో పాదం చివర "ద్వా" పెడితే నాలుగోది "ద్వాపరుఁడు గెలిచిన" అవుతుంది. పాచికల్లో చేరి నలుణ్ని ఓడించిన ద్వాపరుడు.

పృచ్ఛకుడు:
గడుసు ఆలోచనే. కానీ తేటగీతి పాదం చివర సూర్యగణం. న గణమైనా (మూడు లఘువులు) హ గణమైనా (గురువు, లఘువు) లఘువుతోనే ముగుస్తుంది, "ద్వా" గురువు. పైగా మళ్లీ భారతంలోకే వెళ్లారు.

ఆమదాలవలస:

మందుగుండెల్ల నొకనాఁడు మాయమయ్యె
వట్టి చేతుల సంకెళ్ళు వచ్చిపడియె
నిన్న తనవశ మైనట్టి నేల విడిచి
పరుఁడు గెలిచిన మనుజుండు పరవశించె

పరవశం అంటే పరుల వశం. ఆనందం ఊసే లేదు.

టెక్కలి మాస్టారు:
పరవశుఁడంటే పరాధీనుడే, కాదనను. కానీ "పరవశించు" అని క్రియ చేసేసరికి తెలుగు చెవికి మైమరపే వినిపిస్తుంది. కొంచెం లాగారు. మూడో పాదంలో "తనవశం" ముందే పెట్టి ఆ లాగుడికి ఊతం ఇచ్చారు, అది తెలివి. అయితే "నేల విడిచి" అనగానే నాకు "సాము" గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆమదాలవలస:
సాము చేసే వెళ్లాడు కదండీ మనిషి అక్కడికి.

రాజాం:

నాల్గు వర్షాల క్రిందటి నరుల గెలుపు
వెలుగు బండిపై నేఁడిల్లు వెదకి వచ్చె
నచట నీనాఁడె రణ మెల్ల నటునిటయ్యె
పరుఁడు గెలిచిన మనుజుండు పరవశించె

అక్కడి కబురు వెలుగంత వేగంగా వచ్చినా మనకి చేరేసరికి నాలుగేళ్లు దాటుతుంది. ఇక్కడివాళ్లు పాత గెలుపు విని పండగ చేసుకుంటున్న రోజే అక్కడ మనవాళ్లు ఓడిపోయారు.

పలాస:
అక్కా, ఆ గ్రహం తన నక్షత్రాన్ని 11 రోజుల చిల్లరలో చుట్టేస్తది. అక్కడి లెక్కలో నాల్గు వర్షాలంటే నెలన్నర! కబురు అంత బేగి ఎలాగొచ్చింది?

రాజాం:
రెండో పాదం చూడు తమ్ముడూ, "ఇల్లు వెదకి వచ్చె". ఇల్లు మనది, క్యాలెండరూ మనదే.

టెక్కలి మాస్టారు:
సమస్యలో ఒక్క మాటకీ అర్థం మార్చకుండా చిక్కు విప్పారు. "వెలుగు బండి" తెలుగు మాట, హాయిగా ఉంది. ఇది ఎలా తట్టిందమ్మా?

రాజాం:
మా నాన్న పనికి వలస పోయిన రోజుల్లో ఉత్తరం రావడానికి వారం పైనే పట్టేది. ఒకసారి "జ్వరం తగ్గింది, గంజి తాగాను" అని నీలం ఇన్‌లాండు వచ్చింది. అమ్మ అది నాచేత రెండుసార్లు చదివించుకుని, దేవుడి గూట్లో దీపం పెట్టి, పరమాన్నం వండింది. ఆ సాయంత్రమే అక్కడ ఆయన్ని మళ్లీ ఆసుపత్రిలో చేర్చారట. ఆ సంగతి రాసిన ఉత్తరం వచ్చేసరికి ఆయనే తిరిగొచ్చేశాడు, దాన్ని ఆయనే విప్పి మాకు చదివాడు.

పృచ్ఛకుడు:
ఇక పద్యం మీద నేను చెప్పేది లేదు.

బొబ్బిలి:
ఆలస్యంగా వచ్చాను. మీరంతా పరుఁడంటే తోకవాడే అనుకుంటున్నారు.

వారి నేలది, వారిది వాన, గాలి
ఓడ దిగినట్టి మనుజుఁడె యొరుఁడు గాదె
కోట లన్నియుఁ గూలిచి కూర్మి లేక
పరుఁడు గెలిచిన మనుజుండు పరవశించె

అక్కడ పరుఁడు మనిషే. గెలిచిందీ అతనే, పరవశించిందీ అతనే. సమస్యే లేదు.

టెక్కలి మాస్టారు:
మొదటి పాదానికి దండం. కానీ "కూర్మి లేక" యతి కోసం పిలిస్తే వచ్చిన మాట. కోటలు కూల్చేవాడికి కూర్మి ఎక్కడుంటుంది? "కొల్లగొట్టి" అనండి, యతీ నిలుస్తుంది, పనీ కనబడుతుంది.

బొబ్బిలి:
మార్చాను మాస్టారూ: "కోట లన్నియుఁ గూలిచి కొల్లగొట్టి".

పృచ్ఛకుడు:
నేను రాసుకున్న పూరణ చింపేశాను. అయినా కోట అన్న మాట ఊరికే పడలేదని నాకు తెలుసు లెండి.

బొబ్బిలి:
ఎలా పడుతుంది? మా ఊళ్లో యుద్ధస్తంభం పక్కనుంచే బడికి వెళ్లేవాణ్ని. 1757 జనవరి 24న కోట మీద ఫిరంగులు పేల్చింది ఫ్రెంచి సేనాని బుస్సీ. వెంటబెట్టుకొచ్చింది మాత్రం మీ విజయనగరం రాజు విజయరామరాజు.

పృచ్ఛకుడు:
అదిగో, "మీ" అనేశారు. ఆ తర్వాత కొద్ది రోజులకే మీ తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచేశాడు కదా. బాకీ లేదు. ఒకటే అడుగుతాను. మీ పద్యంలో ఓడ దిగిన మనిషి బుస్సీ అయితే, దారి చూపించి కోట దాకా తీసుకెళ్లినవాడు ఎవరు? ఆ గ్రహం మీద కూడా ఇద్దరు రాజులు ఉండి ఉండాలి.

బొబ్బిలి:
ఉండే ఉంటారు. నాలుగు పాదాల్లో ఇమడలేదు, సీసపద్యం కావాలి.

ఆమదాలవలస:
సీసం రాస్తే కింద ఎత్తుగీతి తేటగీతిలోనే పెట్టండి. ఇదే పాదం మళ్లీ వాడుకోవచ్చు.

పలాస:
మాస్టారూ, ద్రుతం సరిచేశాను, "దేలిపోయె" అని పెట్టాను. "చూసి" అలాగే ఉంచీనాను. అన్నట్టు ఫోన్లో అరసున్న ఎక్కడుంటాది? పొద్దుట్నించీ వెతుకుతన్నాను.

టెక్కలి మాస్టారు:
మా మనవరాలు పెట్టింది నాయనా. లేచాక అడిగి చెబుతాను.