రేసు నుంచి వచ్చిన గుర్రం: ముందు అరీనానా, బయటి దారా?

మొయినాబాద్_లాయం: మలక్‌పేట రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ (రేసు జాతి) గుర్రాన్ని తీసుకున్నాను. ఆరు నెలలు అరీనా (కంచె వేసిన శిక్షణ మైదానం) దాటించొద్దు, ముందు డ్రెస్సాజ్‌లో, అంటే రౌతు చిన్న సైగలకే గుర్రం నడక మార్చుకునే శిక్షణలో, పునాది పడాలి అంటున్నారు మా కోచ్. రోజూ అవే వలయాలు తిప్పుతుంటే వాడికి విసుగొస్తోందనిపిస్తోంది. కాస్త బయట తిప్పితేనే మా ఇద్దరికీ చెలిమి కుదురుతుందేమో. ఏమంటారు?

పగ్గం_పట్టు: మీ కోచ్ చెప్పిందే సబబు. జాకీ పగ్గాలు బిగించిన కొద్దీ కళ్ళెం మీద ఆనుకుని ఉరకడం రేసు గుర్రానికి అలవాటు. రోడ్డు మీద కుక్క అడ్డొస్తే మీరు కంగారులో పగ్గాలు లాగుతారు, అది జోరందుకుంటుంది. ముందు హాఫ్ హాల్ట్, అంటే ఆపకుండానే గుర్రాన్ని ఒక్క క్షణం నిదానింపజేసే సైగ, నేర్పండి. నడుము నిలిపి, కాళ్ళు ఆనించి, వేళ్ళు ఒక్క క్షణం మూసి వెంటనే వదలాలి. ఆ వదలడంలోనే ఉంది కిటుకంతా. డ్రెస్సాజ్ అంటే ప్రదర్శన అనుకోకండి. జర్మన్ల శిక్షణ మెట్లలో మొదటిది లయ, రెండోది ఒంట్లో బిగుతు వదలడం. ఒళ్ళు కూడదీసుకుని నడిచే కలెక్షన్ చిట్టచివరిది.

డెర్బీషైర్_అక్క: ఆరు నెలలా! రెండో మెట్టు బిగుతు వదలడమని మీరే రాశారు. కంచె లోపలే ఉంచితే ఏ గుర్రానికి బిగుతు వదులుతుందండీ? 2012 లండన్, 2016 రియో ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ వ్యక్తిగత స్వర్ణం తెచ్చిన గుర్రం వలెగ్రో సంగతి చూడండి. దాన్ని తీర్చిదిద్దిన కార్ల్ హెస్టర్ తన గుర్రాలను పచ్చికలో వదులుతాడు, బయటి దారుల్లో తిప్పుతాడు. ఎత్తుపల్లాల్లో నిదానంగా నడిస్తే వెనక కాళ్ళకు బలం వస్తుంది. ఎప్పుడూ చిన్న వలయాలే అయితే కీళ్ళ మీద భారం.

పగ్గం_పట్టు: వలెగ్రో రేసుల్లోంచి రాలేదు, అది డచ్ వార్మ్‌బ్లడ్, సవారీ పోటీల కోసం పెంచే జాతి. పైగా మీ ఇంగ్లండ్‌లో గుర్రాన్ని దాటే కారు గంటకు 10 మైళ్ళు మించకూడదు, కనీసం 2 మీటర్లు ఎడం వదలాలి అని 2022 నుంచి హైవే కోడ్‌లోనే ఉంది. ఇక్కడ ఆటో ఆనుకుని వచ్చి మరీ హారన్ కొడుతుంది. ఆరు నెలలు తక్కువే.

సైసు_కొడుకు: రేసు గుర్రాలకు పొద్దున్నే జట్టుగా వెళ్ళడం అలవాటు. తోడు గుర్రం లేకుండా బయటికి తీయకండి అన్నా.

పాతబస్తీ_సవార్: బరాత్ గుర్రానికి డ్రెస్సాజ్ ఎవరు నేర్పారు? బ్యాండు, టపాకాయలు, డీజే లైట్లు అన్నిటి మధ్యా కదలకుండా నిలబడుతుంది కదా.

డెర్బీషైర్_అక్క: దాన్ని దగ్గరగా చూశారా? చెవులు పక్కలకు వేలాడతాయి. కంటి పైన ముడత పడుతుంది, ముక్కుపుటాలు బిగుసుకుంటాయి. దాటిపోయే దారి లేదని తెలిసి చేతులెత్తేసిన గుర్రం అది. దాన్ని నమ్మకం అనకండి. నేను ఇండియాలో సవారీ నేర్చుకున్న చోట ముక్కు చుట్టూ వేసే నోటి పట్టీని వేలు దూరనంత బిగించేవాళ్ళు. నోరు తెరవలేకపోతే ‘చక్కగా మాట వింటోంది’ అని మెచ్చుకునేవాళ్ళు. ఇదేంటని అడిగినందుకు నన్ను రావద్దన్నారు. అంతెందుకు, వలెగ్రో మీద గెలిచిన షార్లెట్ డుజార్డినే గుర్రాన్ని పదేపదే కొరడాతో కొట్టిన వీడియో వల్ల 2024లో పారిస్ ఒలింపిక్స్ నుంచి తప్పుకుంది. ఏడాది నిషేధం కూడా పడింది.

పగ్గం_పట్టు: అంటే డ్రెస్సాజ్ చేసేవాళ్ళందరం గుర్రాలను హింసిస్తున్నామా? ‘గుర్రాన్ని నమ్ము’ అనే సలహా విని మా స్నేహితుడు పగ్గాలు వదిలేసి వెళ్ళాడు. ప్లాస్టిక్ కవర్ ఒకటి ఎగిరింది, అంతే. అతనికి కాలర్ బోన్ విరిగింది. గుర్రం సిమెంటు రోడ్డు మీద జారి మోకాళ్ళు చెక్కుకుపోయాయి. షోల్డర్-ఇన్ అనే పక్కవాటు నడక వచ్చి ఉంటే దాని తల ఆ కవర్‌కు అవతలి వైపు తిప్పి పక్కవాటంగా దాటించేవాడు. సలహా ఇచ్చినవాళ్ళు ఆసుపత్రికి కూడా రాలేదు.

మొయినాబాద్_లాయం: దయచేసి ఇద్దరూ శాంతించండి.

డెర్బీషైర్_అక్క: షోల్డర్-ఇన్ నేనూ బయట రోజూ వాడతాను. దాని మీద మనకు పేచీ లేదు. గుర్రం ‘వద్దు’ అంటే వినాలా వద్దా అన్నదే పేచీ.

పగ్గం_పట్టు: లారీ మీదకొస్తుంటే వద్దు అనే వీలు దానికి లేదు.

డెర్బీషైర్_అక్క: లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ క్షణంలో మీ మాట వినాలంటే మిగతా రోజుల్లో దాని మాట మీరు వినుండాలి. సరిగ్గా నుదుటి ముందున్నది గుర్రానికి కనపడదు. తల కదిపి చూసుకుంటే గానీ అదేమిటో తెలియదు. చూసుకోబోయే గుర్రాన్ని మొండిదని మడమతో పొడిస్తే, అది భయపడ్డ వస్తువుతో పాటు మీకూ భయపడుతుంది.

పగ్గం_పట్టు: ప్రతిచోటా ఆగి చూడనిస్తే ప్రతి చెట్టుకూ ఆగుతుంది. ఏం చేయాలో స్పష్టంగా తెలిసిన గుర్రానికే టెన్షన్ ఉండదు. ఆ స్పష్టత ఇవ్వడమే నా దృష్టిలో చెలిమి. అడిగి అడిగి నడిపించడం నా వల్ల కాదు.

డెర్బీషైర్_అక్క: అడగకుండా నడిపేదాన్ని చెలిమి అని నేను అనలేను.

మొయినాబాద్_లాయం: కోచ్‌తో మాట్లాడాను. రేపటి నుంచి పని అయ్యాక, తోడు గుర్రంతో, ప్రహరీ లోపలి మామిడి తోటలో నడిపించమన్నారు. రోడ్డు మాట తర్వాత. నోటి పట్టీ మాత్రం ఇప్పుడు బిగుతుగానే ఉన్నట్టుంది. ఎంత వదులుండాలి?

పగ్గం_పట్టు: ముక్కు ఎముక మీద రెండు వేళ్ళు పట్టాలి. పక్కన మెత్తగా ఉన్నచోట కొలవకండి, అక్కడ ఎప్పుడూ వదులుగానే అనిపిస్తుంది. ఈ ఒక్క విషయంలో అక్క మాటే నా మాట.