యూఫోనియంతో పాటు ఇ-ఫ్లాట్ బేస్ కూడా వాయించవచ్చా?

ప్రశ్న:
నమస్కారం. ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఉంటున్నాను. ఇక్కడి ఊరి బ్రాస్ బ్యాండులో (ఇత్తడి ఊదు వాద్యాల బృందంలో) నాలుగేళ్లుగా రెండో యూఫోనియం వాయిస్తున్నాను. ఇ-ఫ్లాట్ బేస్ (యూఫోనియం కంటే పెద్దదై, కింది స్థాయిలో పలికే ఒక రకం ట్యూబా) వాయించే ఇద్దరిలో ఒకరు ఊరు వదిలి వెళ్లడంతో, మరొకరు దొరికేవరకు కొన్ని కచేరీలకు దాన్ని కూడా నన్నే పట్టమంటున్నారు. బ్రాస్ బ్యాండులో రెండింటికీ ట్రెబుల్ క్లెఫ్‌లోనే (పాశ్చాత్య స్వరలిపిలో పై స్వరాలకు వాడే గుర్తుతో) రాస్తారు, వేళ్లు కూడా మారవు కదా అని సరేనన్నాను. తీరా మొదటి రోజు, సి స్వరం రాసి ఉన్నచోట వాల్వులేవీ (వేళ్లతో నొక్కే మీటలేవీ) నొక్కకుండా ఊదితే జి పలికింది. అదీ ఒకసారి కాదు, పేజీ పొడుగునా. మరునాడు యూఫోనియం అందుకుంటే పై స్వరాలు రాలేదు. రెండూ నిలుపుకొనే దారి ఉందా?

మొదటి జవాబు:
ఆ జి విషయంలో తప్పు మీ పెదవులది కాదు, చెవిది. యూఫోనియం గొట్టం సుమారు 9 అడుగులు, ఇ-ఫ్లాట్ బేస్‌ది సుమారు 13 అడుగులు. కాగితం మీది ఒకే సి యూఫోనియంలో బి-ఫ్లాట్‌గా, బేస్‌లో దాని కింది ఇ-ఫ్లాట్‌గా వినిపిస్తుంది. మన మాటల్లో చెప్పాలంటే, మీ పాత షడ్జమం ఈ వాద్యానికి పంచమం. సి కనబడగానే మీ మనసు పాత షడ్జమాన్నే పాడింది, పెదవులు దాన్నే పలికించాయి. ఆ రెండు స్వరాలూ వాల్వులు నొక్కకుండానే వచ్చేవి కాబట్టి వాద్యం అభ్యంతరం చెప్పలేదు. ఫోనులోని తంబూరా యాప్‌ను ఇ-ఫ్లాట్‌కు పెట్టుకుని, వాద్యం ముట్టుకోక ముందు సప్తస్వరాలూ గొంతుతో పాడుకోండి. కీర్తన అదే, శ్రుతి మాత్రమే దిగిందని చెవికి నమ్మకం కుదిరితే వేళ్లు వాటంతట అవే నడుస్తాయి.

రెండో జవాబు:
అమెరికాలో నేను ట్యూబా, యూఫోనియం రెండూ వాయిస్తాను. యూఫోనియం మౌత్‌పీస్ (పెదవులు ఆనించి ఊదే భాగం) లోపలి వ్యాసం సుమారు 26 మిల్లీమీటర్లు, ట్యూబాది 32 దాకా ఉంటుంది. పెద్దదానిలో వదులుగా కదలడం మరిగిన పెదవులను చిన్నదానికి గట్టిగా అదిమి పై స్వరాలను లాగబోతే, అవి మరింత బిగుసుకుంటాయి. అందుకే ఇంట్లో యూఫోనియం ముందు, బేస్ తరువాత వాయించండి. ఊపిరి సంగతి ఇంకా ముఖ్యం: యూఫోనియంలో ఒక్క ఊపిరికి వచ్చే పంక్తి బేస్‌లో సగంలోనే ఆగిపోతుంది. పక్కన ఇంకొక ఇ-ఫ్లాట్ బేస్ ఉంది కనుక, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటే శ్రోతకు తెగినట్టు తెలియదు.

మూడో జవాబు:
ఆ వరుస మొదటి నెలకు సరే, ఆ తరువాత కాదంటాను. కచేరీ మీ వరుసను పాటించదు. రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ పియానో రచన ‘చిత్రప్రదర్శన’కు ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ 1922లో చేసిన ఆర్కెస్ట్రా రూపంలో ఎద్దుబండి ఘట్టపు సోలోను ట్యూబాకు చాలా పైస్థాయిలో రాశారు, చాలామంది ట్యూబా వాద్యకారులు దానికి యూఫోనియం అందుకుని, అది కాగానే మళ్లీ ట్యూబాకు వస్తారు. కాబట్టి పది నిమిషాలకొకసారి వాద్యం మార్చుతూ, మార్చిన ప్రతిసారీ మధ్యస్థాయిలో ఒక దీర్ఘస్వరం మెల్లగా పట్టి, ఆ తరువాతే పైకి వెళ్లండి. ఇంకొక మాట: ఒకే వేళ్ల సౌకర్యం బ్రాస్ బ్యాండు గడప లోపలే. ఆర్కెస్ట్రాలో ట్యూబాకు బేస్ క్లెఫ్‌లో (కింది స్వరాలకు వాడే గుర్తుతో), వినిపించే స్థాయిలోనే రాస్తారు. అక్కడ ఇ-ఫ్లాట్‌కు ఒక వేళ్ల పట్టిక, సి ట్యూబాకు మరొకటి నేర్వాలి.

ప్రశ్న అడిగినవారు:
తంబూరా పెట్టుకుని పాడాక, నిన్నటి సాధనలో మొదటి పేజీలో సి ఉన్నచోటల్లా సి పలికింది. రెండో పేజీలో మాత్రం నాలుగు కొలతల (బార్ల) విరామం తరువాత మళ్లీ జి వచ్చింది. ఆ విరామంలో వినబడకుండా షడ్జమం పాడుకోవాలని అక్కడే పెన్సిలుతో ‘స’ అని రాసుకున్నాను.