డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’: ఏ ముగింపును నవలకు సరైన ముగింపుగా చదవాలి?

చర్చ ప్రారంభించినవారు:

చార్లెస్ డికెన్స్ 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు వరకు తన వారపత్రిక ‘ఆల్ ది ఇయర్ రౌండ్’లో ధారావాహికగా వెలువరించిన ఈ నవలకు ఆయనే రెండు ముగింపులు రాశాడు. మొదటిదాన్ని అచ్చుకు ముందే చదివిన నవలాకారుడు బుల్వర్ లిట్టన్ మార్చమని కోరడంతో, కథానాయకుడు పిప్, చిన్ననాటి నుంచీ అతను ప్రేమించిన ఎస్టెల్లా, ఆమె పెరిగిన, ఇప్పుడు పాడుబడిన శాటిస్ హౌస్ అనే ఇంటి తోటలో కలుసుకొని చేయీ చేయీ పట్టుకొని నడిచివెళ్లే ముగింపు అచ్చయింది. తొలి ముగింపు డికెన్స్ మరణించాక, 1874లో, ఆయన మిత్రుడు జాన్ ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్ర మూడవ సంపుటంలో పాఠకులకు అందింది. నా దృష్టిలో నవల నిజంగా పూర్తయ్యేది ఆ తొలి ముగింపుతోనే.

అందులో జరిగేది చాలా స్వల్పం. బావ జో కొడుకును వెంటబెట్టుకొని పిప్ లండన్‌లోని పికడిల్లీ వీధిలో నడుస్తుండగా, బండిలో ఉన్న ఒక స్త్రీ కబురు పంపుతుంది. ఆమె ఎస్టెల్లా. క్రూరుడైన మొదటి భర్త పోయాక, అంతగా కలిమి లేని ఒక వైద్యుణ్ణి పెళ్లాడింది. ఆ పసివాణ్ణి పిప్ కొడుకే అనుకొని, పైకెత్తమని అడిగి ముద్దు పెట్టుకుంటుంది. ఆమె పొరపాటును పిప్ సరిదిద్దినట్లు ఎక్కడా లేదు. ఒకనాటి తన మనసు ఎలాంటిదో అర్థం చేసుకోగల హృదయాన్ని కష్టాలు ఆమెకు ఇచ్చాయని మాత్రం గ్రహిస్తాడు. ఇంతకన్నా ఆర్ద్రమైన వీడ్కోలు నేను ఏ నవలలోనూ చదవలేదు. పిప్‌ను రహస్యంగా పోషించిన నేరస్థుడు మాగ్విచ్ సొమ్ము ప్రభుత్వపరమైంది, పిప్ పెళ్లాడాలనుకున్న చిన్ననాటి స్నేహితురాలు బిడ్డీ అప్పటికే జో భార్య అయింది. కోరుకున్నవన్నీ చేజారిన తర్వాతనే మనిషిగా నిలదొక్కుకున్న పిప్‌కు, ఆ కోరికలకు మూలమైన ఎస్టెల్లానే చివరికి దక్కుతుందంటే, అతని మార్పుకు విలువ ఎక్కడ మిగులుతుంది?

ఒక పాఠకురాలు:

మీరు చెప్పిన ఆర్ద్రతను నేను కాదనను. అయితే మార్పు వల్ల కథ పాఠకులకు మరింత ఆమోదయోగ్యమవుతుందని డికెన్స్ స్వయంగా ఫార్‌స్టర్‌కు రాశాడు. 1870లో మరణించేవరకు పాత ముగింపును తిరిగి చేర్చలేదు. రచయిత తుది నిర్ణయాన్ని మనం పక్కన పెట్టగలమా? పైగా, పిప్ తాను పెరిగిన జో కొలిమిని విడిచి లండన్‌కు బయలుదేరిన ఉదయం పొగమంచు విడిపోయి లోకం అతని ముందు పరుచుకుంటుంది. తోటలో కలిసిన సాయంత్రం కూడా అలాగే మంచు తొలగుతుంది, ఆ పాత ఉదయాన్ని పిప్పే తలచుకుంటాడు. నవల తన తొలి భాగానికి తానే ఇచ్చుకున్న ఈ జవాబు పికడిల్లీ వీధిలో లేదు.

చర్చ ప్రారంభించినవారు:

పొగమంచు విషయంలో మీ మాటకు నా దగ్గర సమాధానం లేదండి. ఆ వాక్యాలు అందమైనవే. కానీ ఆ తోటలోనే ఎస్టెల్లా, విడిగా ఉంటూనే స్నేహితులుగా కొనసాగుదామని అంటుంది. ఆ తర్వాతి చివరి వాక్యం రాతప్రతిలో, ఒక్కటి తప్ప ఆమెతో ఎడబాటు నీడ ఏదీ కనిపించలేదన్న అర్థంతో ఉంది. పత్రికలో ఆ ‘ఒక్కటి తప్ప’ పోయింది. 1862 ముద్రణలో, మరో ఎడబాటు నీడ కనిపించలేదని వాక్యం ఇంకోసారి మారింది. వారు పెళ్లి చేసుకున్నారని మాత్రం డికెన్స్ ఎక్కడా రాయలేదు. తుది నిర్ణయమే ప్రమాణమైతే, ఈ వాక్యం ఏం నిర్ణయించిందని మీరు చదువుతున్నారు?