అప్‌డేట్: తూకాల ఆరే లిస్టు అయింది

మిర్యాలగూడ రైస్ మిల్లులో కాంటా తూకాలు జావా ప్రోగ్రామ్‌లో ఇంట్ ఆరేగా (పూర్ణాంకాల వరుసగా) వస్తున్నయి, దాన్ని లిస్టు చేద్దామని ఆరేస్.యాజ్‌లిస్ట్‌కి ఇస్తే ఎన్ని బస్తాలున్నా సైజు 1 అనే చూపిస్తోందని మొన్న అడిగిన కదా. పని అయింది.

జనరిక్స్‌లో (లిస్టులో ఏ రకం వస్తువులుంటయో చెప్పే పద్ధతి) ఇంట్ లాంటి ప్రిమిటివ్‌లకు, అంటే ఆబ్జెక్ట్ కాని ఉత్త విలువలకు, చోటు లేదు. అందుకే కంపైలర్ మొత్తం ఆరేనే ఒక్క వస్తువు కింద లెక్కేసింది. టైపు లిస్ట్ ఆఫ్ ఇంటిజర్ అని ఉంటే అక్కడే ఆపేది. మా కోడ్‌లో టైపు రాయకుండా వార్ (var, టైపును కంపైలరే తేల్చుకునే మాట) ఉంది, అందుకే సప్పుడు చేయలే.

ఇప్పుడు ఆరేస్.స్ట్రీమ్, బాక్స్‌డ్ (ఒక్కో ఇంట్‌ను ఇంటిజర్ ఆబ్జెక్ట్ చేస్తది), చివర టులిస్ట్ వరుసగా పిలుస్తున్న. ఈ టులిస్ట్ జావా 16 నుంచే ఉంది, పైగా అదిచ్చే లిస్టుకు ఏమన్నా కలపబోతే అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ కొడతది. ఆలస్యంగా వచ్చిన ట్రాక్టర్ తూకం కలపకుండా ఎట్ల? అందుకే ఆ లిస్టును కలపడానికి వీలున్న కొత్త ఆరేలిస్ట్‌లో పోసిన.

రైతుల పేర్లు స్ట్రింగ్‌లు (అక్షరాల ఆబ్జెక్ట్‌లు, ప్రిమిటివ్‌లు కావు) కాబట్టి యాజ్‌లిస్ట్ బాగానే పనిచేస్తోంది. కానీ అది కాపీ కాదు, లిస్టులో పేరు మారిస్తే అసలు ఆరేలో కూడా మారుతది!

హాష్‌సెట్ వాడమన్న అక్కకు థాంక్స్. రెండుసార్లు పడ్డ పేర్లు పోయినయి, వాటితోపాటు వరుస కూడా పోయింది. లింక్డ్‌హాష్‌సెట్ పెడితే వచ్చిన వరుస నిలిచింది. ముందొచ్చినోళ్ల చీటీ ముందు రాకుంటే కాంటా దగ్గర లొల్లి లొల్లే.

తిరిగి ఆరే చేసేటప్పుడు టుఆరేను ఖాళీగా పిలిస్తే ఆబ్జెక్ట్ ఆరే వస్తది. స్ట్రింగ్ ఆరే కావాలంటే సైజు 0 ఉన్న స్ట్రింగ్ ఆరే ఒకటి లోపల ఇయ్యాలె.