ఇంటి దగ్గరుండి సివిల్స్ చదవొచ్చా? గోదావరి జిల్లాల వాళ్లు చెప్పండి

లంక కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం మండలంలో ఒక లంక. డిగ్రీ అయ్యింది. నాన్నగారు రెండెకరాలు కౌలుకి చేస్తున్నారు. కోచింగ్‌కి హైదరాబాద్ అశోక్‌నగర్ వెళ్లి హాస్టల్లో ఉండాలంటే అప్పు చేయాలి, అది నాకిష్టం లేదు. యూపీఎస్సీ వాళ్ల సివిల్స్ రాయాలని ఉంది, దాంతోపాటు రాష్ట్ర ఉద్యోగాల గ్రూప్ 2 కూడా. ఇంటి దగ్గరే చదివిన వాళ్లుంటే ఎక్కడ దెబ్బతిన్నారో దాచకుండా చెప్పండి. గంటలు గంటలు కూర్చోగలను గానీ ఏది చదవాలో, ఏది వదిలేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

గౌతమి ఒడ్డు:
తమ్ముడూ, నేను రెండుసార్లు మెయిన్స్, అంటే ప్రిలిమ్స్ గట్టెక్కాక జవాబులు రాసే పరీక్ష, రాశాను. మొదటిది హైదరాబాద్‌లో చదివి, రెండోది రాజమండ్రిలో ఇంటి దగ్గరుండి. హైదరాబాద్‌లో ఫీజు కట్టిన చోట జవాబులు దిద్ది ఇస్తామన్నారు. మూడు నెలలు తిరగ్గా చేతికొచ్చిన కాగితాల్లో ప్రతి పేజీ కిందా ఎర్ర టిక్కు తప్ప ఒక్క మాట లేదు. నాన్న పంపిన డబ్బు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

జీఎస్ (జనరల్ స్టడీస్) మొదటి మూడు పేపర్లలో ప్రతిదానికీ మూడు గంటల్లో 20 ప్రశ్నలు. పది ప్రశ్నలకు 150 పదాల్లో, పదింటికి 250 పదాల్లో రాయాలి. అంటే ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు, ఆలోచనకు పట్టేది కూడా అందులోనే. మొదటిసారి నేను 15వ ప్రశ్నలో ఉండగా బెల్లు కొట్టేశారు. మిగిలిన ఐదూ నాకు వచ్చినవే. ఆ రాత్రి విజయవాడ లాడ్జిలో కంటి మీద కునుకు లేదు.

ఇంటికొచ్చాక గౌతమీ గ్రంథాలయంలో కూర్చుని, చేతి గడియారం విప్పి కాగితం పక్కన పెట్టుకుని రోజుకి ఐదు జవాబులు రాశాను. రెండో నెలకి మధ్య వేలు కాయ కాచింది. రెండోసారి ఆ మూడు పేపర్లలోనూ 20 పూర్తి చేశాను. ఇంటర్వ్యూ పిలుపు కొద్ది మార్కుల్లో పోయింది, నిజమే. కానీ వచ్చిన ప్రశ్న వదిలేసి బయటికి రాలేదు. కాబట్టి ఊరు సంగతి తర్వాత చూసుకో. ముందు నీ జవాబు చదివి మొహం మీద తప్పు చెప్పే మనిషిని ఒకరిని వెతుక్కో.

తణుకు నుంచి:
ప్రిలిమ్స్‌లో రెండో పేపర్ సీశాట్‌ని తేలిగ్గా తీసుకోకండి. క్వాలిఫైయింగే, పాసైతే చాలు కదా అనుకుని నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను. 200కి 66 రావాలి, నాకు 60 దగ్గర ఆగిపోయింది. మొదటి పేపర్ ఎంత బాగా రాసినా లెక్కలోకి రాలేదు. లెక్కలు కాదు, ఇంగ్లిష్ ప్యాసేజీలు ముంచాయి. రోజూ రెండు ప్యాసేజీలు చదవండి, ప్రిలిమ్స్ ముందు నెలలో మొదలుపెడితే ఎక్కవు.

ఉండి మాస్టారు:
బాబూ, మెయిన్స్‌లో నేను ఎంచుకున్న సబ్జెక్టు, అదే ఆప్షనల్, తెలుగు సాహిత్యం. మెయిన్స్ తెలుగులో రాయొచ్చా అని చాలామంది అడుగుతారు, రాయొచ్చు. రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌లో 3వ ర్యాంకు తెచ్చుకున్నది తెలుగులో రాసే. అయితే ఒక సంగతి ముందే తెలుసుకో. జీఎస్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ మాత్రమే ఉంటుంది. ప్రశ్న ఇంగ్లిష్‌లో చదివి జవాబు తెలుగులో రాయాలి. పేపర్‌లో కనబడే మాటలకు సరైన తెలుగు ముందే నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోకపోతే అక్కడ పెన్ను ఆగిపోతుంది. నాకు ఆగింది.

ఇంకోటి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మీ లంకల్లో పిల్లల్ని అడిగినా చెబుతారు. జీఎస్ 3లో విపత్తు నిర్వహణ ఉంది. కాజ్‌వే మునిగాక నిండు గర్భిణిని పడవ ఎక్కించడం, గొడ్లను గట్టు మీదికి తోలడం నువ్వు కళ్లారా చూసినవాడివి. వాటిని జవాబులో ఎక్కడ ఎంత వాడాలో నేర్చుకో. వరదల మీద ఒక జవాబు రాసి ఇక్కడే పెట్టు, నేను చూస్తాను.

భీమవరం:
నేను ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. ఆ 275 మార్కుల ఇంటర్వ్యూలో నన్ను ఎక్కువ అడిగింది మా జిల్లా గురించే. రొయ్యల చెరువుల వల్ల పక్క ఊరి మంచినీళ్లు ఉప్పబడితే ఎవరి పక్షాన నిలబడతారని అడిగారు. మా బాబాయివే మూడు చెరువులున్నాయి. ఆ మాట ముందు చెప్పి, తర్వాత జవాబు చెప్పాను.

గ్రూప్ 2 మాత్రం పక్కన పెట్టమంటాను. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు.

గౌతమి ఒడ్డు:
అన్నయ్యా, ఈ విషయంలో మీతో ఏకీభవించలేను. కౌలు ఇంట్లో ఉద్యోగం ఒక ఏడాది ముందు రావడమంటే ఏంటో తెలుసు కదా. రాజ్యాంగం, ఆర్థికం రెండింటికీ ఒకటే చదువు. అదనంగా చదవాల్సింది ముఖ్యంగా ఆంధ్ర చరిత్ర, రాష్ట్ర ఆర్థికం. తమ్ముడూ, పాత వేంగి రాజ్యం, దాన్నేలిన శాలంకాయనులు బుర్రకెక్కకపోతే ఏలూరు దగ్గర పెదవేగి వెళ్లి చూసిరా. నాకు అలాగే గుర్తుండిపోయాయి.

లంక కుర్రాడు:
మాస్టారూ, రాశానండి. 'వరద నష్టం తగ్గించడానికి తీసుకోవాల్సిన చర్యలు' అని నేనే ప్రశ్న పెట్టుకున్నాను. 11 నిమిషాలు పట్టింది. ఫొటో పెట్టాను.

ఉండి మాస్టారు:
చదివాను. మొదటి ఆరు లైన్లు త్ర్యంబకంలో గోదావరి పుట్టుక గురించి రాశావు, ప్రశ్న అది అడగలేదు, కొట్టెయ్. ఏటిగట్ల గురించి రాసిన ముక్క బాగుంది, దాన్ని పైకి తీసుకురా. మూడో హెచ్చరిక వచ్చేదాకా ఆగకుండా రెండోదానికే పడవలు రేవులో ఉండాలన్నావే, అది చివర్లో ఇరికించావు. దాంతోనే మొదలుపెట్టి మళ్లీ రాయి. ఈసారి తొమ్మిది నిమిషాలే. రేపు రాత్రికి పెట్టు.