విల్ క్యాంప్‌బెల్ లెఫ్ట్ ట్యాకిలా, గార్డా? నాలుగో పిక్ పెట్టొచ్చా?

బోస్టన్ కుర్రాడు
2025 ఏప్రిల్ 24న గ్రీన్ బేలో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్ మొదలు, అంటే జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకుంటాయి. మన జట్టు పేట్రియట్స్‌ది నాలుగో పిక్ (వంతు). లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) లెఫ్ట్ ట్యాకిల్ విల్ క్యాంప్‌బెల్‌ని తీసుకోవాలి. లెఫ్ట్ ట్యాకిల్ అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్‌లో ఎడమ చివర ఆడేవాడు. అక్కడే ఆడించాలి, దాని లోపలి పక్క స్థానమైన గార్డ్‌లో కాదు. ఇదీ నా వాదన. 2024లో మనం గెలిచింది 4, ఓడింది 13. డ్రేక్ మే లాంటి క్వార్టర్‌బ్యాక్ దొరికాడు, కానీ అతని ఎడమ పక్క నమ్మకమైన కాపలా లేదు. కుడి వైపుకి మార్చిలో మోర్గన్ మోసెస్‌ని తెచ్చుకున్నారు. ఎడమ వైపు ఇంకా ఖాళీయే.

గొడవంతా క్యాంప్‌బెల్ చేతుల పొడవు మీదే. డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లను పరీక్షించే కంబైన్‌లో కొలిస్తే 32 5/8 అంగుళాలు. ట్యాకిల్‌కి 34 ఉంటే మంచిది, 33కి తగ్గకూడదు అనేది స్కౌట్ల పాత లెక్క. నెల తిరక్కుండా ఎల్‌ఎస్‌యూ ప్రో డేలో (కాలేజీలోనే జరిగే పరీక్షలు) మళ్లీ కొలిస్తే 33 వచ్చింది. టేపు పట్టుకునే తీరులోనే అంత తేడా వచ్చినప్పుడు, మూడేళ్లు ఎస్ఈసీ లాంటి గట్టి కాలేజీ లీగ్‌లో ఆడినవాణ్ణి ఆ అంకె చూసి తోసేయడం అన్యాయం.

కొత్త ప్రేక్షకుడు
అన్నా, నేను ఈ ఆట చూడటం ఈమధ్యే మొదలుపెట్టాను. మనిషి దాదాపు ఆరడుగుల ఆరంగుళాలు, 319 పౌండ్లు. అర అంగుళం చెయ్యి తగ్గితే అంత కొంప మునుగుతుందా?

ప్లానో బాబాయ్
మంచి ప్రశ్న బాబూ. బంతి వెనక్కి రాగానే ట్యాకిల్ వెనక్కి, పక్కకి అడుగులు వేస్తూ జరుగుతాడు. దాన్నే కిక్ స్లైడ్ అంటారు. బయటి నుంచి ఎడ్జ్ రషర్, అంటే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టాలని చూసే ఎదుటి జట్టువాడు, పరిగెత్తుకొస్తాడు. ఎవరి అరచెయ్యి ముందు ఎదుటివాడి ఛాతీ మీద పడితే వాడిదే పట్టు. పొడుగు చేతుల రషర్ ఒక చెయ్యి చాపి ట్యాకిల్ రొమ్ము మీద ఆనించి తోస్తే, పొట్టి చేతులవాడికి తిరిగి అందదు. అలాగే వెనక్కి నడుస్తూ పోయి తన క్వార్టర్‌బ్యాక్ ఒళ్లో పడతాడు. గార్డ్‌కి ఈ బాధ తక్కువ. ఎదుటివాడు అడుగు దూరంలోనే ఉంటాడు, అటూ ఇటూ మనవాళ్లుంటారు. అక్కడ నడుము బలం, కాళ్లు నిలదొక్కుకోవడం ముఖ్యం.

మా డల్లాస్ జట్టులో జాక్ మార్టిన్‌ని చూశాం. నోటర్ డేమ్ కాలేజీలో లెఫ్ట్ ట్యాకిల్, చేతులు 33 కూడా లేవు. 2014లో 16వ పిక్‌తో తీసుకుని మొదటి రోజు నుంచీ గార్డ్‌లో పెట్టారు. తొమ్మిదిసార్లు ప్రో బౌల్‌కి (ఏటా మేటి ఆటగాళ్లకు దక్కే గుర్తింపు) ఎంపికై 2025లో రిటైరయ్యాడు. ఇంకోటి. ఇప్పుడు మీ కోచ్ మైక్ వ్రేబెల్ 2023లో టైటన్స్ జట్టు కోచ్‌గా ఉన్నప్పుడు, నార్త్‌వెస్టర్న్ కాలేజీ లెఫ్ట్ ట్యాకిల్ పీటర్ స్కొరాన్‌స్కీని 11వ పిక్‌తో తీసుకున్నారు. చేతులు 32 1/4. ఎక్కడ ఆడించాడు? లెఫ్ట్ గార్డ్‌లో.

బోస్టన్ కుర్రాడు
బాబాయ్, ఆ కథలో సగమే చెప్పారు. టైటన్స్ ఆ మార్చిలోనే ఆండ్రే డిల్లర్డ్‌ని లెఫ్ట్ ట్యాకిల్ కోసం డబ్బులిచ్చి తెచ్చుకున్నారు. అందుకే స్కొరాన్‌స్కీ లోపలికి వెళ్లాడు. ఆ సీజన్లో డిల్లర్డ్ తేలిపోయాడు. అదే నార్త్‌వెస్టర్న్‌లో స్కొరాన్‌స్కీకి ముందు ఆ స్థానంలో ఆడిన రషాన్ స్లేటర్ చేతులు 33. అతన్నీ గార్డ్ అనే అన్నారు. చార్జర్స్ 2021లో 13వ పిక్‌తో తీసుకుని ట్యాకిల్‌లోనే ఉంచారు, మొదటి ఏడాదే ప్రో బౌల్. జో థామస్ చేతులు 32 1/2. వరసగా 10,363 స్నాప్‌లు (బంతి వెనక్కి అందించి మొదలయ్యే ఒక్కో ఆట) లెఫ్ట్ ట్యాకిల్‌గా ఆడి 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు.

ప్లానో బాబాయ్
జో థామస్ తరానికొకడు. అతన్ని చూపించి ఇంకొకడికి నాలుగో పిక్ పెట్టలేం.

బ్యాటన్ రూజ్ విద్యార్థిని
మీరిద్దరూ అంకెల చుట్టూనే తిరుగుతున్నారు. నేను ఎల్‌ఎస్‌యూలో చదువుతున్నాను, హోమ్ మ్యాచ్‌లు స్టేడియంలోనే చూశాను. అడగాల్సింది ఒకటే: ఇతను ఓడినప్పుడు ఎలా ఓడుతున్నాడు?

వేగంతో బయటి నుంచి దాటేసి ఓడించడం చాలా తక్కువ. కాళ్లు అంత చురుకు, కంబైన్‌లో 40 గజాలు 5 సెకన్లలోపే పరిగెత్తాడు. ఓడేది రెండు సందర్భాల్లో. చేతులు ఆలస్యంగా వేసినప్పుడు బుల్ రష్‌కి (నేరుగా గుద్ది వెనక్కి తోయడం) వెనక్కి జారుతాడు. అందట్లేదని ముందుకు వంగినప్పుడు రషర్ లోపలి వైపుకి తిరిగి దాటేస్తాడు. మొదటిది కోచింగ్‌తో బాగుపడుతుంది. రెండోది నిజంగా చెయ్యి పొడవుతో ముడిపడ్డది, దాన్ని దాచలేం. కానీ మ్యాచ్ వీడియో వేస్తే ఆ రెండోది ఒక్కో మ్యాచ్‌లో ఎన్నిసార్లు కనిపిస్తుందో మీరే చూడండి. నాకు చాలా తక్కువే కనిపించింది.

స్టంట్ (ఇద్దరు రషర్లు దారులు మార్చుకుని వచ్చే ఎత్తు) వచ్చినప్పుడు తన మనిషిని గార్డ్‌కి అప్పగించి రెండోవాణ్ణి అందుకునే తెలివి కూడా చూడాలి. అది అంగుళాల్లో దొరకదు. 2022లో ఫ్రెష్‌మన్‌గా వచ్చీ రాగానే లెఫ్ట్ ట్యాకిల్ ఇచ్చారు, ఆ తర్వాత వదల్లేదు. ఇక్కడ మేటి ఆటగాడికే ఇచ్చే 7వ నంబర్ జెర్సీకి ఎంత గౌరవమో అందరికీ తెలుసు. లైన్‌మన్ ఆ జెర్సీ వేసుకోవడానికి రూల్ ఒప్పుకోదు కాబట్టి, అతని 66వ నంబర్ జెర్సీ మీద 7 ప్యాచ్ కుట్టి ఇచ్చారు.

ప్లానో బాబాయ్
అమ్మాయ్, నువ్వన్న ఆ రెండో లోపమే నా భయం. కాలేజీలో నెలకొకసారి తగిలే పొడుగు చేతులవాడు ఇక్కడ ప్రతి ఆదివారం తగులుతాడు. బిల్స్ జట్టులో రషర్ గ్రెగ్ రూసో చేతులు 34 దాటతాయి, వాడితో ఏడాదికి రెండుసార్లు తలపడాలి. మరి డబ్బు సంగతి? ట్యాకిల్స్ సూయెల్, వర్ఫ్స్ ఏడాదికి 28 మిలియన్ డాలర్ల దగ్గరున్నారు. గార్డ్ డికర్సన్ 21. నాలుగో పిక్ పెట్టి చివరికి గార్డ్ తేలితే ఆ తేడా మీకే నష్టం.

కొత్త ప్రేక్షకుడు
అయితే మరో ట్యాకిల్ అర్మాండ్ మెంబూని తీసుకోవచ్చుగా? చేతులు 33 1/2 అంటున్నారు.

బోస్టన్ కుర్రాడు
మెంబూ మిజోరీలో రైట్ ట్యాకిల్ తమ్ముడూ. అడుగు, చెయ్యి, భంగిమ అన్నీ తిప్పి నేర్పాలి. అదీ ఒక పందెమే. బాబాయ్ చెప్పిన డబ్బు లెక్క ఒప్పుకుంటాను, కానీ అది గార్డ్‌కి మారితేనే వర్తిస్తుంది. ముందే గార్డ్‌లో పెట్టేస్తే ఆ నష్టాన్ని మనమే కొని తెచ్చుకున్నట్టు. మొదటి ఏడాది పూర్తిగా లెఫ్ట్ ట్యాకిల్ ఇవ్వాలి. పక్కన అనుభవమున్న గార్డ్ ఉండాలి, పొడుగు చేతుల రషర్లు వచ్చిన రోజు టైట్ ఎండ్‌ని (లైన్ చివర నిలబడి అడ్డుకోవడంలో సాయం చేయగలవాడు) అటువైపు నిలబెట్టాలి. లోపలి వైపు దెబ్బలు 2026లో కూడా తగ్గకపోతే, అప్పుడు గార్డ్ గురించి మాట్లాడదాం.